మూలలో ఎర్ర మూత

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మది 'చాలు' పార్టీ, నాన్నది 'చాలదు' పార్టీ. ఇదేదో ఇంటి ఖర్చుల గొడవ అనుకునేరు, కానే కాదు. ఇద్దరూ ఒకే కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్ళు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, నేల మీద పరిచే టైల్స్ పిచ్చి.

ఆ పిచ్చేమిటో నాలాంటిదానికి అర్థమైన మేరకు చెప్తాను. నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని వాళ్ళమీద పొద్దస్తమానం అరవడం నా వృత్తి, లెక్కలు నాకు ఆమడ దూరం. మా వంటింటి నేలంతా ఆరు మూలల టైల్స్, తేనెపట్టులో గదుల్లాగా. ఒక టైలు మీద ఒక సీసా మూత పెట్టామనుకోండి. ఆ మూత తను కూర్చున్న టైలుకీ, దాన్ని ఆనుకుని ఉన్న ఆరు టైల్స్‌కీ కాపలా. నేలంతటిలో ఏ ఒక్క టైలూ కాపలా లేకుండా ఉండకూడదు. అలా చెయ్యడానికి తక్కువలో తక్కువ ఎన్ని మూతలు కావాలి? అంతే ప్రశ్న. గోడలే లేకుండా నాలుగు దిక్కులా సాగిపోయే నేలైతే ఏడింటికి ఒకటి చాలట. ఒక్కటీ వదిలిపోదు, ఒక్కదానికీ రెండో కాపలా పడదు, అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కానీ గదన్నాక గోడలుంటాయి. గోడ పక్కన పెట్టిన మూత కాపలా కొంత గోడలోకే పోతుంది, దండగ. అందుకని ఏడింటికి ఒకటి కంటే ఇంకొన్ని ఎక్కువ పడతాయి. ఆ ఎక్కువ ఎంత అన్నదాని మీదే మా అమ్మా నాన్నా సంసారం చేశారు.

అమ్మ నేల మీద మూతలు పేర్చి, "ఇదిగో, ఇన్ని చాలు" అనేది. నాన్న గుమ్మంలో కూర్చుని ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, "ఇంతకన్నా తగ్గితే చాలదు" అని నిరూపించేవారు. ఆవిడ అంకె కిందకి దిగుతూ ఉండేది, ఆయన అంకె పైకి ఎక్కుతూ ఉండేది. ఎక్కడో ఒకచోట రెండూ కలిసిపోవాలి. ఆ కలిసే చోటు దొరికితే సమస్య తీరినట్టే. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మొదలుపెట్టేవాళ్ళు. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, ఆ వాసన పక్కింటిదాకా వెళ్ళినా ఇద్దరికీ సోయి ఉండేది కాదు.

ఇంకో విచిత్రం కూడా ఉండేది. నలుగురిలో అమ్మ నాన్నని "ఏమండీ, మీరు" అనేది. మూతల దగ్గర కూర్చుంటే మాత్రం "నువ్వు" అనేది. "నీ మొహం, ఆ టైలు వదిలేశావు చూడు" అనేది. నాన్న మురిసిపోయేవారు. ఆ "నీ మొహం" కోసమే ఆయన కొన్నిసార్లు కావాలని తప్పు చేసేవారేమో అని నాకిప్పటికీ అనుమానం.

నాకు నాలుగైదేళ్ళప్పుడు ఒకసారి వంటింట్లోంచి పరిగెత్తుతూ మూతలన్నీ తన్నేశానట. అమ్మ చాలా రోజులుగా పేర్చుకుంటున్న వరస అది. నన్ను చెవి పట్టుకుని నిలబెట్టి, వేలు చూపించి, "ఈ ఇంట్లో ఒకరు పెట్టిన మూత ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇల్లు మునిగినా సరే, ముట్టుకోకూడదు!" అంది. నేను ఘొల్లుమన్నాను. నాన్న అమ్మ వెనకాల చేతులు కట్టుకుని నిలబడి బడిపిల్లాడిలా తల ఊపారు. నన్ను నవ్వించడానికి వేషం వేస్తున్నారనుకుని ఏడుపు ఆపి నవ్వేశాను. ఆ తరవాత మేమంతా వంటింట్లో కొంగల్లా కాలెత్తి కాలెత్తి నడవడం నేర్చుకున్నాం. చుట్టాలొస్తే ముందు చెప్పేది అదే, "చూసుకుని అడుగెయ్యండి, మూతలున్నాయి" అని.

నేను కాలేజీలో చేరిన ఏడాది నాన్న గెలిచారు. పొడవూ వెడల్పూ ఎంతైనా సరే, నాలుగు గోడల గదికి గోడల వల్ల ఎన్ని మూతలు ఎక్కువ పడతాయో, అంతకన్నా ఒక్కటి తగ్గినా ఎందుకు చాలదో నిరూపించేశారు. అమ్మ పేర్చిన వరసల అంకే ఆయన అంకె. రెండూ కలిసిపోయాయి. పెద్ద పత్రికలో అచ్చయింది. కాలేజీలో సభ పెట్టి, నాన్న పేరు చెక్కిన ఫలకం ఇచ్చారు. నిరూపణ నాన్నది కాబట్టి పేరూ ఆయనదే. అమ్మ ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆ ఫలకాన్ని హాల్లో మేకు కొట్టి తగిలించింది కూడా ఆవిడే.

ఆ తరవాత కొన్నాళ్ళకి మూతలు మళ్ళీ నేల మీదకొచ్చాయి. ఈసారి వరస కొత్తగా ఉంది. అన్నీ తెల్ల మూతలు, నీళ్ళ ఫిల్టరు కింద ఎడమ మూలలో ఒక్కటే ఎర్ర మూత, దగ్గుమందు సీసాది. నాకెందుకు గుర్తుందంటే నీళ్ళకెళ్ళినప్పుడల్లా కాలికి అడ్డం వచ్చేది. అది అలా చాలా రోజులు ఉంది. అమ్మా పేర్చడం లేదు, నాన్నా గుమ్మంలో కూర్చోవడం లేదు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి నేల ఖాళీ. అమ్మ తడిబట్ట పెట్టి తుడుస్తోంది.

"ఏమయ్యాయమ్మా మూతలు?" అన్నాను.

"నేల జిడ్డుగా అయిపోయింది. ఇంక చాల్లే" అంది.

ఆ రోజుతో ఆట అయిపోయింది. మూతలు డబ్బాలోకి, డబ్బా అటక మీదకి వెళ్ళిపోయాయి. మా ఇల్లు కూడా అందరిళ్ళలా అయింది, పాలు మాడటం మానేశాయి. వాళ్ళు పోట్లాడుకోలేదు, మొహం మాడ్చుకోలేదు. "మందు వేసుకున్నారా?" "వేసుకున్నాను." "గొడుగు పట్టుకెళ్ళండి." "సరే." ఎప్పుడు చూసినా "మీరు", ఎప్పుడు చూసినా "అండీ". ఎవరైనా నాన్నని ఆ నిరూపణ గురించి మాట్లాడటానికి పిలిస్తే ఒంట్లో బాగాలేదని తప్పించుకునేవారు. అమ్మ ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయేది. వయసు మీదపడితే అంతే కాబోలు అనుకున్నాను. ఇరవై ఏళ్ళు అలా గడిచిపోయాయి.

మొన్న వానల్లో అమ్మకి పక్షవాతం వచ్చింది. మనిషి దక్కింది, మాట పోలేదు, ఎడమ చెయ్యీ కాలూ కాస్త పట్టు తప్పాయి. అసలు దెబ్బ వేరే. అమ్మకి ఎడమవైపు అనేది లేకుండా పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయట, మెదడే ఆ వైపుని లెక్కలోకి తీసుకోవడం లేదట. కంచంలో కుడిసగం తిని, "ఇంతేనా పెట్టావు?" అనేది. కంచం తిప్పితే, "ఇందాక పెట్టొచ్చుగా" అనేది. జడ కుడివైపే దువ్వుకునేది. నాన్న ఎడమవైపు కూర్చుంటే ఆయన గదిలో లేనట్టే మాట్లాడేది. నేను నా కారునీ, నా శిష్యుల్నీ అసిస్టెంటుకి అప్పగించి వచ్చి వీళ్ళింట్లో దిగాను.

వ్యాయామం చేయించడానికి రోజు మార్చి రోజు ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. "ఎడమవైపు చూడటం అలవాటు చెయ్యాలండీ. ఆవిడకి ఇష్టమైన చిన్న చిన్న వస్తువులేవైనా అటు పెట్టి ఏరించండి. తల తిప్పండి, తల తిప్పండి అని చెప్తూ ఉండాలి" అంది.

నాకు నవ్వొచ్చింది. అద్దంలో కనపడని పక్క చూడటానికి తల తిప్పండి మొర్రో అని నేను రోజూ మొత్తుకునే మాటే అది. ఇష్టమైన చిన్న వస్తువులంటే ఇంకేముంది, నిచ్చెనేసుకుని అటకెక్కి డబ్బా దింపాను. నాన్న హాల్లో పేపరు చదువుతున్నారు. డబ్బాలో మూతలు గలగలమనగానే పేపరు మడిచి, చెప్పులేసుకుని, ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయారు. పెళ్ళాం ఇలా ఉంటే షికారేమిటి అని నాకు చిర్రెత్తుకొచ్చింది.

అమ్మ ముందు బల్ల వేసి మూతలు ఎడమవైపు పోశాను. అమ్మ కుడి చేత్తో తడుముతూ ఒక్కొక్కటీ ఇవతలికి తెచ్చుకుంటోంది. ఒక మూత దగ్గర చెయ్యి ఆగింది. చూడకుండానే అంచు నొక్కి చూసి, "ఇది ఎర్రదా?" అంది.

"నీకెలా తెలుసు?"

"గరుగ్గా ఉంటుంది దీని అంచు." దాన్ని కళ్ళ ముందుకి తెచ్చుకుని కాసేపు చూసింది. "ఇది ఉత్తుత్తి మూతే."

"ఉత్తుత్తిదేంటి?"

"ఆ మూలలో పెట్టానే, ఇది అక్కడ ఏ పనీ చెయ్యలేదు. తీసేసినా ఒక్క టైలూ వదిలిపోదు. అది లేకుండానే మన వంటిల్లంతా సరిపోయింది."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "అంటే నాన్న చాలదన్న దానికన్నా ఒకటి తక్కువతో..."

"చాలింది" అంది అమ్మ. "ఆయన మూలల దగ్గర ఒక మాట తొందరపడి రాశారు. అన్ని గదులకీ కాదు, మనలాంటి కొలతల గదికే. ఖర్మ చూడు, ఆ గది మన వంటిల్లే అయింది."

"మరి చెప్పలేదా?"

"చెప్తే నేను పట్టుకున్న తప్పు అవుతుందే. అప్పటికే ఆ ఫలకం తగిలించాను నా చేత్తో. ఆయనే చూసి ఆయనే తీస్తే, ఆయన దిద్దుకున్నట్టు ఉంటుంది. అందుకే అదొక్కటీ అదనంగా పెట్టాను. ఎర్రది పెట్టాను, కంట్లో పడాలని. ఫిల్టరు కింద పెట్టాను, ఆయన రోజూ అక్కడికే కదా నీళ్ళకి వస్తారు." మూతని బల్ల మీద పెట్టేసింది. "చూడలేదు. ఎదురు చూసి ఎదురు చూసి నేనే తుడిచేశాను. పేరొచ్చాక నా నేలతో ఆయనకేం పనిలే."

ఇరవై ఏళ్ళ 'మీరు' ఎక్కడినుంచి వచ్చిందో ఆ 'లే' వింటే తెలిసింది.

"మీ నాన్నతో అనకు. ఇప్పుడెందుకు ఆయన్ని బాధపెట్టడం" అంది.

అనకు అంటే ఊరుకునే రకమా నేను? నాన్న నాకు పెట్టిన ముద్దుపేరే మిరపకాయ్. సాయంత్రం మందుల షాపుకని నాన్నని కారెక్కించుకుని, నాలుగు వీధులు దాటాక చెట్టు పక్కన ఆపేశాను.

"నాన్నా, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. మూలలో ఆ ఎర్ర మూత ఎందుకు తియ్యలేదు? నీళ్ళు తాగడానికి వెళ్ళినవాడివి ఒక్కసారి కిందకి చూసే తీరిక లేకపోయిందా నీకు?"

ఆయన సీటుబెల్టు గట్టిగా పట్టుకున్నారు. "చూశాను" అన్నారు.

"ఎప్పుడు?"

"అది పెట్టిన రోజే. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఊరికే అలవాటుగా ఒక్కొక్క టైలే చూసుకుంటూ వచ్చాను. ఎర్రదాని దగ్గరకొచ్చేసరికి దానికి అక్కడ పనే లేదు. అది లేకపోతే నా నిరూపణా లేదు." కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్తున్నారు. "తరవాత నవ్వొచ్చింది. ఎంత బాగుందో తెలుసా ఆ వరస! అది నా ఊహకి కూడా రాలేదు. మీ అమ్మని పిలుద్దామని నోరు తెరిచాను."

"తెరిచి?"

"అప్పుడు తట్టింది. అక్కర్లేని మూత మీ అమ్మ పెడుతుందా? ఎప్పుడైనా పెట్టిందా? నాకు తెలియకూడదని పెట్టింది. నా పరువు నిలబెట్టడానికి పెట్టింది. తెలిసిపోయిందని నేనంటే ఆవిడ పడ్డ పాటు ఏమవుతుంది? సరే, చూడనట్టే ఉందాం అనుకున్నాను."

నా ఒళ్ళు మండిపోయింది. "దాచాలనుకునేవాళ్ళు ఎవరైనా ఎర్ర మూత పెడతారా నాన్నా? అన్నీ తెల్లవి పెట్టి, అదొక్కటే ఎర్రది, అది కూడా నీ కాలి కింద!"

ఆయన నా వైపు తిరిగారు. ఆ మొహం చూశాక ఎందుకన్నానా అనిపించింది.

"తెల్లవి అయిపోయాయనుకున్నాను" అన్నారు.

ప్రపంచంలో ఎక్కడెక్కడి మూలల్నో వేలితో తడిమి చూసిన మనిషి, పెళ్ళాం పెట్టిన ఎర్ర మూతకి అర్థం వెతుక్కోలేకపోయారు. అమ్మ చెప్పిందంతా చెప్పేశాను, ఆయన తీస్తారని పెట్టిందని, ఎదురు చూసిందని, చూడలేదనుకుని తుడిచేసిందని. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పత్రికకి రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో" అన్నారు. "రాస్తే కనిపెట్టిందెవరో రాయాలి. ఆవిడ దాచినదాన్ని నేనెలా బయటపెట్టను అని ఆగిపోయేవాణ్ణి. అలా అనుకోవడం నాకూ హాయిగానే ఉండేదిలే, అబద్ధమెందుకు. ఎవరైనా పిలిస్తే మాత్రం వెళ్ళలేకపోయేవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఇప్పుడు అమ్మకి చెప్పు."

"ఇప్పుడా? చూసి కూడా నోరు మూసుకుని ఆ ఫలకం కింద కూర్చున్నాను అని చెప్పనా? ఇన్నాళ్ళూ చూడలేదనుకుంది. అదే నయం కాదూ?"

"చూడలేదనుకోవడం నయమా? తన నేల నీకు అక్కర్లేకుండా పోయిందనుకుని బతికింది నాన్నా అమ్మ! ఇంకోసారి వస్తే తట్టుకోవడం కష్టమని డాక్టరు చెప్పలేదూ? అప్పుడు చెప్తావా, ఎవరికి చెప్తావు?"

అంత మాట అనాల్సింది కాదేమో. మందులు కొనుక్కుని ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున్న అమ్మకి తలదువ్వి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లోకి తెచ్చాను. నేను పనిచేస్తుంటే కబుర్లు చెప్తుందని. నాన్న వచ్చి, "ఆ డబ్బా ఇలా ఇవ్వవే" అన్నారు. ఇచ్చాను. ఆయన కీళ్ళ నొప్పుల మనిషి, చెప్పులు వేసుకోవడానికే స్టూలు కావాలి. ఆ మనిషి గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద కూలబడి, డబ్బా పక్కన పెట్టుకుని మూతలు పెట్టడం మొదలుపెట్టారు.

ఎక్కడా ఆగలేదు, వెనక్కి తీయలేదు. ఇక్కడొకటి, అక్కడొకటి, బల్ల కింద ఒకటి, పొయ్యి గట్టు అంచున ఒకటి. రోజూ ఉదయం ముగ్గేసే చెయ్యిలా పోతోంది ఆ చెయ్యి. అప్పుడెప్పుడో కొన్నాళ్ళున్న వరస అది. రోజూ నిలబడి చూస్తేనే తప్ప అలా గుర్తుండదు. సింకు దగ్గర గిన్నె చేతిలో పట్టుకుని నేను చూస్తూ ఉండిపోయాను.

అమ్మ కూడా చూస్తోంది, తనకి కనిపించినంత మేరా. కుడివైపు మూతలు ఒక్కొక్కటీ పడుతుంటే ముందుకి వంగింది.

"ఈ వరస నాది" అంది.

"అవును" అన్నారు నాన్న తలెత్తకుండా.

"మీకెలా తెలుసు?"

నాన్న పాకుతూ ఎడమ మూలకి వెళ్ళారు. ఫిల్టరు కింద ఎర్ర మూత పెట్టారు. పెట్టి, ఊపిరి పీల్చుకుని, దాన్ని మళ్ళీ తీసేశారు. తీసి, అమ్మకి కనపడేలా చెయ్యి పైకెత్తారు.

అమ్మ కుడివైపే చూస్తోంది. "మీకెలా తెలుసు అంటే మాట్లాడరేం? ఎక్కడికి వెళ్ళారు?" అంది.

ఆయన వెళ్ళలేదు. ఆవిడకి రెండు చేతుల దూరంలో, మోకాళ్ళ మీద, ఎత్తిన చేతిలో ఎర్ర మూతతో ఉన్నారు. అమ్మకి ఆ మూలా లేదు, ఆ గోడా లేదు, ఆ మనిషీ లేడు. ఆ చెయ్యి కొంచెం కొంచెంగా కిందకి దిగిపోయింది. ఆయన మొహంలో తెచ్చిపెట్టుకున్న ధైర్యం జారిపోవడం నా కళ్ళతో చూశాను. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆ మూత మళ్ళీ మూలలో పెట్టేసేవారు, ఈ జన్మకి ఇంతేలే అని సర్దుకునేవారు. నేను గిన్నె సింకులో పడేసి, చెయ్యి తుడుచుకోకుండానే వచ్చి, అమ్మ కుర్చీని గిర్రున తిప్పాను.

"ఏంటే ఈ మోటుతనం!" అని అరిచింది అమ్మ.

తిప్పేసరికి ఎడమ మూల అమ్మకి కుడివైపుకి వచ్చింది. నాన్న వచ్చారు, ఫిల్టరు వచ్చింది, దాని కింద ఖాళీ టైలు వచ్చింది. అమ్మ వేలు గాల్లోనే కదుపుతూ ఆ మూల చుట్టూ టైల్స్ ఒక్కొక్కటీ తడిమినట్టు చూసుకుంది. "ఇది ఈ పక్కదానికి తగులుతోంది... ఇది గోడవైపు దానికి... ఇదీ ఉంది." వేలు ఖాళీ టైలు దగ్గర ఆగింది. ఆ టైలుకీ పక్కనే ఒక తెల్ల మూత కాపలా ఉంది.

"ఇక్కడ ఎర్రది ఉండాలే" అంది.

నాన్న పిడికిలి విప్పారు.

అమ్మ ఆ అరచేతిని చూసింది, ఆయన మొహం చూసింది. నేను కుర్చీ వెనకనించి అమ్మకి కుడిపక్కకి వచ్చాను.

"ఎప్పుడు చూశావు?" అంది.

నువ్వు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ మాట నా చెవిన పడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న దాన్ని విన్నారో లేదో, తల దించుకునే ఉన్నారు. ఆయన 'ఇప్పుడే' అని అనొచ్చు. అంటే తప్పించుకోవచ్చు.

"ఆ రోజే" అన్నారు. "నువ్వు పెట్టిన రోజే. తరవాత కూడా రోజూ చూశాను, నువ్వు తుడిచేసేదాకా. తుడిచేశాక కూడా, నీళ్ళకి వచ్చినప్పుడల్లా."

అమ్మ కళ్ళు మూసుకుంది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండును కూడా అనుకున్నాను. కళ్ళు తెరిచి చాలా మామూలుగా, కూరలో ఉప్పు వెయ్యలేదేం అన్నట్టు అడిగింది.

"మరి తియ్యలేదేం?"

నాన్న కారులో నాకు చెప్పినవి ఏవీ చెప్పలేదు. పరువు అనలేదు, నా కోసం దాచావనుకున్నాను అనలేదు. మూతని వేళ్ళ మధ్య తిప్పారు.

"చెయ్యి చాపాను" అన్నారు. "రెండు మూడుసార్లు వంగాను కూడా. కానీ ఒకరు పెట్టిన మూత ఇంకొకరు ముట్టుకోకూడదు అన్నావుగా."

అమ్మ ఆయన్ని అలా చూస్తూనే ఉంది. తరవాత మెల్లగా తల తిప్పి నన్ను చూసింది, చెవి పట్టుకుని నిలబెట్టిన రోజు నేనెక్కడున్నానో సరిగ్గా అక్కడే ఉన్నాను. మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"ఆ రూలు ఈ పిల్లకి పెట్టాను, పిచ్చి మనిషీ" అంది. "నీకు కాదు."